ఫౌంటెన్ కలముల జీర్ణోద్ధారము

వస్తువు పుట్టిన చరిత్రము వ్రాయువారు పెక్కురు గలరు. అది చెడిన విధమును, చెడినదానిని బాగుచేసినవారి ప్రజ్ఞను వ్రాయువారు అరుదు. కాని యీ రెండును వేర్వేరు కథలు కావు. గ్లాస్గో విశ్వవిద్యాలయమువారి ఆవిరియంత్రపు నమూనా యొకటి సరిగా నడువకున్నప్పుడు, 1763 వ సంవత్సరపు చలికాలమున దానిని బాగుచేయుమని జేమ్సు వాట్టునకు ఒప్పగించిరి. ఆ మరమ్మతులో నతనికి తోచిన సందేహమే పిమ్మట లోకము నడకను మార్చినది. మన జేబులలో నుండు చిన్న వస్తువైన ఫౌంటెన్ కలము విషయమునను ఇట్లే జరిగినది. దాని చరిత్రమును పరిశీలించినచో, ప్రతి క్రొత్త కల్పనయు ఒకానొక లోపమును మాన్పబోయి పుట్టినదనియు, పుట్టి మరియొక క్రొత్త లోపమును తెచ్చిపెట్టినదనియు తేటపడును.

తాటాకుపై ఘంటముతో వ్రాసిన దినములలో మనకు కలపు మరమ్మతు అంతగా లేదు. ఘంటము మొన మొద్దువారిన సానరాతిపై నూరుకొనిన చాలును. గీసిన ఆకుపై మసి పూసి తుడిచినచో గీతలలో మసి నిలిచి అక్షరములు కానవచ్చెడివి. యూరపుఖండమున పక్షియీకతో వ్రాయువారి సంగతి యట్లు కాదు. ఈకమొన త్వరగా నరిగెడిది. దానిని చిన్నకత్తితో మాటిమాటికి చెక్కుకొనవలసి యుండెడిది. ఆంగ్లమున జేబుకత్తికి కలపుకత్తి యను అర్థము గల పేరు నేటికిని నిలిచియుండుటకు ఇదియే కారణము. పిల్లల యీకలు చెక్కిపెట్టుట ఆనాటి బడిపంతుళ్లకు నిత్యకృత్యము. వ్రాయువాడే మరమ్మతు నెరిగినవాడు. 19 వ శతాబ్దమున బర్మింగుహాము కర్మాగారములలో ఉక్కుపాళీలు లక్షలకొలది తయారగుటతో ఈ సంబంధము తెగినది. అరిగిన పాళీని పారవైచి క్రొత్తదానిని గ్రుచ్చుకొనుట వాడుకయైనది. పారవైచు నలవాటు మనము తలచునంత క్రొత్తది కాదు.

సిరాబుడ్డిలో మాటిమాటికి ముంచనక్కరలేని కలము కావలెనను కోరిక పాతదే. పెట్రాకె పొయినారు అను రుమేనియా దేశపు విద్యార్థి పారిసునగరమున నుండగా, హంసయీక గొట్టమునే సిరాకు పాత్రగా చేసిన కలమునకు 1827 లో ఫ్రెంచి ప్రభుత్వమువలన పేటెంటు పొందెను. ఇట్టి తొలి కలములకు గల వ్యాధి యొక్కటే: అవి వ్రాసినచో పుష్కలముగా కారును, లేకున్న ఒక్క చుక్కయు రాల్పవు. దీనికి కారణము గాలి. మూసిన గొట్టమునుండి సిరా వెలుపలికి రావలెనన్న, వచ్చినంత సిరాకు బదులు అంత గాలి లోపలికి పోవలెను. ఈ రాకపోకలు రెండును ఒకే ద్వారమున సమముగా సాగుటయే ఫౌంటెన్ కలపు రహస్యము.

ఆ రహస్యమును సాధించినవాడు న్యూయార్కునందలి లూయీ ఎడ్సన్ వాటర్మన్. ఆయనకు 1884 ఫిబ్రవరిలో లభించిన పేటెంటులోని సారము చిన్నది. పాళీక్రింద నాలుకవలె నంటియుండు ముక్కకు ఒక గాడియు, ఆ గాడి యడుగున మిక్కిలి సన్నని చీలికలును కోయబడినవి. సన్నని చీలికలలో సిరా కేశాకర్షణముచే ప్రాకివచ్చును. మిగిలిన గాడివెంట గాలి లోపలికి పోవును. వాటర్మన్ భీమా ఏజెంటుగా నుండగా ఒప్పందపు కాగితముపై సిరా ఒలికి వ్యాపారము చెడిపోయెననియు, ఆ కోపముచే నీ కలమును కల్పించెననియు ఒక కథ ప్రచారమున గలదు. కథ మనోహరమైనదే గాని దానికి సమకాలిక సాక్ష్యము కానరాదు. చరిత్రము వ్రాయువారు మనోహరమైన కథలయెడ ఎక్కువ జాగరూకులై యుండవలెను.

మన ప్రస్తుతవిషయమునకు వాటర్మన్ కంటె జార్జి సాఫర్డు పార్కరు కథ ఎక్కువ దగ్గరగా నున్నది. అది కట్టుకథయును కాదు. అతడు విస్కాన్సిన్ రాష్ట్రమునందలి జేన్సువిల్ పట్టణమున తంతివార్తావిద్య నేర్పు ఉపాధ్యాయుడు. జీతము చాలక, జాన్ హాలండు కంపెనీవారి కలములను తన విద్యార్థులకే అమ్ముచుండెను. అవి కారుచుండెను. అమ్మినవాడు తాను గనుక, చెడినవానిని తెచ్చియిచ్చిన విద్యార్థులకు బాగుచేసి యిచ్చుట తన ధర్మమని యతడు భావించెను. అట్లు పలుమారు విప్పి చూచుటలో కలపు లోపములన్నియు అతని చేతికి తెలిసినవి. 1888 లో కంపెనీ స్థాపించెను. 1889 లో తొలి పేటెంటు పొందెను. 1894 లో నాలుక వెనుకకొనను వంచి గొట్టపు గోడకు తగులునట్లు చేసెను. కలము జేబులో నిలువుగా నున్నప్పుడు నాలుకలో మిగిలిన సిరా ఆ వంపువెంట గొట్టములోనికి దిగిపోవును. మూత తీసినప్పుడు వ్రేళ్లకు మరక యంటదు. లోకప్రసిద్ధమైన యొక పరిశ్రమకు పునాది ఒక పంతులు తన శిష్యులకు చేసిన మరమ్మతుపని యని మన విద్యాలయములవారు గుర్తుంచుకొనదగినది.

ఇక కలపు అంగములను, వానికి వచ్చు రోగములను విచారింతము. తొలి కలముల మేనంతయు ఎబొనైటు. రబ్బరులో నూటికి 30 పాళ్ల వరకు గంధకము చేర్చి చాలసేపు వేడిచేసిన అది కొయ్యవలె గట్టిపడును. నెల్సన్ గుడియరు దీనికి 1851 లో పేటెంటు పొందెను. ఇది తరిమెనపై చక్కగా తిరుగును, సిరాలోని ఆమ్లమునకు చెక్కుచెదరదు, చేతికి చల్లగా తగులదు. కాని యెండకును తేమకును ఓర్వదు. పైపొరలోని గంధకము మార్పుచెంది, నిగనిగలాడు నలుపు క్రమముగా పచ్చి గోధుమవన్నెకు తిరుగును. దీనికొక విచిత్రగుణము గలదు. వేడిచేసిన మెత్తబడి తన పూర్వరూపమును జ్ఞప్తికి తెచ్చుకొనునట్లు ఉబికివచ్చును. ఆలోచించుచు కలము కొరుకుట విద్యార్థులకే కాదు, విద్వాంసులకును గల అలవాటు. అట్టి పంటిగాట్లను నేర్పరియైన పనివాడు కొద్దిపాటి పొడివేడి చూపి చాలవరకు పైకి లేపగలడు.

పాళీకి బంగార మేల? ఆడంబరమునకు కాదు. ఆనాటి సిరా కరక్కాయవంటి వగరుకాయల కషాయమును, ఇనుపలవణమును కలిపి చేయబడినది. అందలి ఆమ్లము ఉక్కును తినివేయును, బంగారమును తినలేదు. కాని బంగారము మెత్తనిది, కాగితమునకు అరిగిపోవును. 1803 లో కనుగొనబడిన ఆస్మియము, ఇరిడియము అను కఠినలోహముల మిశ్రమపు గింజను పాళీకొనకు అతికించు ఉపాయము 1834 ప్రాంతమున జాన్ ఐజాక్ హాకిన్సు కనిపెట్టెను. ఆవగింజకంటె చిన్నదైన ఆ బిందువే కాగితమును తాకునది. క్రిందపడి వంకరవోయిన పాళీకొనలను నున్నని ఇనుపపనిముట్టుతో ఒత్తి, భూతద్దమునుండి చూచుచు, చీలిక రెండువైపుల సమముగా కూడునట్లు దిద్దుట యొక పని. ఊడిపోయిన గింజ స్థానమున క్రొత్తది అతికించి, దానిని చీల్చి, సానపట్టుట అంతకు పదిరెట్లు కష్టము. ఈ రెండవ విద్య తెలిసినవారు నేడు లోకమున కొలదిమందియే.

మొదట సిరాను ఫిల్లరుతో గొట్టములో చుక్కలుగా పోసెడివారు. చేతులకు, బట్టలకు మరకలయ్యెను. ఆ బాధ తీర్చుటకై గొట్టములో రబ్బరుతిత్తి నుంచి, దానిని నొక్కి వదలి సిరాను పీల్చించు నుపాయము వచ్చినది. ఒహాయో రాష్ట్రపు టొలీడో నగరమున కాంక్లిన్ అనునతడు గొట్టముపై చంద్రవంకవంటి లోహపుముక్క నమర్చి, దానిని నొక్కిన తిత్తి అణగునట్లు చేసెను. ఆ వంక యుండుటచే కలము బల్లపైనుండి దొర్లిపడదు. కావున తనకు తిట్లు దిగమ్రింగుకొను శ్రమ తప్పినదని హాస్యరచయిత మార్కు ట్వేను మెచ్చుకొనెను. అయోవా రాష్ట్రమునందు నగలవ్యాపారి యైన వాల్టరు షేఫరు 1908 లో మీటకు పేటెంటు పొందెను. గొట్టము ప్రక్కన అణగియున్న మీటను గోటితో లేపిన, లోపలి లోహపుబద్ద తిత్తిని అదుమును. చూపునకు సొంపు, పనికి సుళువు. కాని బద్ద త్రుప్పుపట్టును, తిత్తి కొన్ని యేండ్లకు ఎండి పెంకులవలె పగులును. పాత కలములకు వచ్చు జబ్బులలో నూటికి తొంబది యీ తిత్తి జబ్బే యన్నను అతిశయోక్తి కాజాలదు.

దీనికి చికిత్స యిది. కలపు మెడకు పొడివేడి చూపి, తొందరపడక మెల్లగా త్రిప్పుచు గొట్టమునుండి వేరుచేయవలెను. లోపల మిగిలిన తిత్తిపెంకులను గీకి తీసివేయవలెను. మెడవెనుక నుండు చనుమొనవంటి భాగమునకు సరిపడు క్రొత్తతిత్తిని ఎన్నుకొనవలెను. తిత్తుల కొలత అంగుళపు అరువదినాలుగవ వంతులలో నుండును. 16 వ నంబరుతిత్తి యనగా పావు అంగుళము వెడల్పుగలది. ఆ మొనకు లక్కద్రవము పలుచగా పూసి తిత్తిని తొడిగి, ఒక దిన మారనిచ్చి, పైన సుద్దవంటి మెత్తని పొడి చల్లి, మరల గొట్టమున నమర్చవలెను.

ఇందు లక్క యను మాటయొద్ద క్షణము నిలువవలసియున్నది. అమెరికాలోను ఇంగ్లండులోను ఫౌంటెన్ కలములకు తొలినాటినుండి వాడిన బంధకద్రవ్యము మన యడవులదే. మోదుగ, రేగు మొదలగు చెట్లకొమ్మలపై చిన్నపురుగు స్రవించు జిగురును కరగించి, వడగట్టి చేయబడునదే లక్క. భారతమున పాండవులను దహింపజేయుటకు కట్టిన యింట వాడినదియు నదియే. వేడికి కరగుట అచ్చట దాని దోషము. కలమునందు అదియే దాని గుణము. లక్క తిత్తిని గట్టిగా పట్టియుంచును. కాని మరియొక నాడు మరియొక పనివాడు విప్పవలసి వచ్చినప్పుడు కొలదివేడికి లొంగి విడిచిపెట్టును. మద్యసారమున కరగును. నేటి శీఘ్రబంధక జిగురులు క్షణమున అతుకును గాని యెన్నటికిని వదలవు. వానితో అతికిన కలము విరుగవలసినదే గాని విడిపోదు. రాబోవు పనివానికి త్రోవ మూయనిదియే మంచి మరమ్మతు.

1924 లో షేఫరు కంపెనీవారు ఎబొనైటునకు బదులు సెల్యులాయిడును ప్రవేశపెట్టిరి. రంగులు వచ్చెను, మెరుపులు వచ్చెను. పడిన పగులుట తగ్గెను. క్రొత్త జబ్బులును వచ్చెను. రబ్బరుతిత్తి క్షీణించుచు వెడలించు గంధకపు వాయువుచే లేతరంగు గొట్టములు లోనుండి నల్లబడినవి. నత్రికామ్లముచే సంస్కరింపబడిన దూదియు కర్పూరమును కలిసిన పదార్థ మగుటచే సెల్యులాయిడు నిప్పు చూచిన భగ్గుమనును. ఎబొనైటునకు చేసిన వేడిచికిత్స దీనికి చేయబోయి చేయి కాల్చుకొనినవారు గలరు. కాని దీనికొక సౌలభ్యము గలదు. పగిలినచోట అసిటోనువంటి ద్రావకము తాకించిన రెండంచులును తామే కరగి యేకమగును. లోటుపడిన ముక్కకు అదే రంగు సెల్యులాయిడు తురుమును ద్రావకమున కలిపి నింపి, వారములతరబడి ఆరనిచ్చి, చదునుచేయుదురు. ఇచ్చట జిగురులేదు, శరీరమే శరీరమునకు అతుకు.

మరమ్మతు కంపెనీల వాగ్దానములలోనికి ఎక్కిన విధమును చెప్పవలసియున్నది. 1920 లో షేఫరువారు ఒక కలమునకు కొనినవాని జీవితాంతము పూచీ యని ప్రకటించిరి. ధర హెచ్చుగా పెట్టిరి. తక్కిన కంపెనీలు అనుసరించినవి. 1924 నుండి షేఫరు మూతపై తెల్లని చుక్కయు, 1939 నుండి పార్కరు మూతకొక్కెముపై నీలి వజ్రాకృతియు ఆ పూచీకి గుర్తులు. అయితే కలమును బాగుచేయించుకొనబోయిన వారివద్ద 35 సెంట్లు రుసుము పుచ్చుకొనెడివారు. బేషరతుపూచీ యని చాటుచు రుసుమడుగుట మోసమని అమెరికా వాణిజ్యసంఘమువారు వ్యవహారము తెచ్చిరి. పూచీమాట చెప్పుచోటనే రుసుముమాటయు స్పష్టముగా చెప్పవలెనని 1946 లో అప్పీలు న్యాయస్థానము నిర్ణయించెను. కలము చిరకాలముండవలెనని కొనువాడు కోరుచుండెననియు, అమ్మువాడు దానికి బాధ్యుడని లోకము తలచుచుండెననియు ఈ వ్యాజ్యము సాక్ష్యమిచ్చుచున్నది.

ఆ తలంపే స్వల్పకాలములో తారుమారైనది. 1945 అక్టోబరులో న్యూయార్కునందలి యొక పెద్దఅంగడిలో రేనాల్డ్సు బాలుపాయింటు కలము 12 డాలర్ల 50 సెంట్లకు అమ్మకమునకు రాగా జనులు విరుచుకొనిపడిరి. హంగేరీదేశీయుడైన లాస్లో బిరో కల్పనకు అది యనుకరణము. 1950 లో ఫ్రాన్సున బిక్ కలము వెలువడినపిమ్మట ధర పాతాళమునకు దిగినది. దానిని నిందించుట న్యాయము కాదు. కూలివాని బిడ్డకును చేతికందిన తొలి సిరాకలము అదియే. అక్షరాస్యతకు అది చేసిన సేవ గొప్పది. కాని దానిని విప్పి బాగుచేయువాడు లేడు. క్రమముగా విప్పదగిన కలములకును బాగుచేయువారు లేకపోయిరి.

తెలుగుదేశమున ఈ చరిత్రమునకు ఒక సొంత ప్రకరణము గలదు. కోసూరి వేంకటరత్నముగారు మహాత్ముని స్వదేశీబోధచే ప్రేరితులై రాజమహేంద్రవరమున 1932 లో కలముల తయారీ నెలకొల్పిరి. అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘమునకు చెందిన కుమారప్పగారి ద్వారా తమకు చేరిన కలమును వాడి చూచి, బజారులలోని విదేశపు కలములకు బదులు ఇది తగినదేయని గాంధీమహాత్ముడు 1935 లో రత్నముగారికి లేఖ వ్రాసిరి. ఎబొనైటుకడ్డీని తరిమెనపై చేతితో త్రిప్పి చేయు ఆ పద్ధతి గోదావరితీరమున నేటికిని నిలిచియున్నది. ఆ కలములలో పెక్కు ఫిల్లరుతో సిరా పోయునవే. పాశ్చాత్యులు మొరటని విడిచిన ఈ పద్ధతియందు తిత్తి లేదు, మీట లేదు, బద్ద లేదు. కావున ఎండుటకు, త్రుప్పుపట్టుటకు ఏమియు లేదు. రబ్బరు త్వరగా క్షీణించు మన యెండలకు ఇది మిక్కిలి యనుకూలము. చెడునది తక్కువగా నుండునట్లు చేయుటయు ఒక విధమైన మరమ్మతే. అది ముందుగా చేయబడిన మరమ్మతు.

ఇంతవరకు వ్రాసినదానికి నా యపరాధమొకటి చేర్చనిదే మనసొప్పుకొనకున్నది. మా తాతగారి ఎబొనైటుకలము నాకు సంక్రమించినది. గొట్టముపై వారి పేరు సన్నని తెలుగక్షరములలో చెక్కబడి యుండెను. సిరా గడ్డకట్టినదని నేను దానిని అంతయు వేడినీటిలో ఒక రాత్రి నానవేసితిని. ఉదయమునకు నలుపుపోయి పాచివన్నె వచ్చినది. నేను కంగారుపడి, పట్టణమున నెరిగినవా రొకరిచే మెరుగుపెట్టించితిని. కలము అద్దమువలె మెరయుచు వచ్చినది. పేరులో మొదటి రెండక్షరములు మాత్రము మిగిలినవి. చేసినవారి తప్పు లేదు. మెరిపింపుమని కోరినవాడను నేనే. కలము వ్రాయుచున్నది. కాని మా తాతగారి పేరు పైపొరతో కూడ పోయినది.

నాటినుండి నాకు బోధపడిన విషయము గుడుల జీర్ణోద్ధారమునకును వర్తించును. శాసనములు చెక్కిన స్తంభములకు సున్నము కొట్టి శుభ్రపరచితిమని సంతసించు ధర్మకర్తలను మనమెరుగుదుము. చెడినదానిని పనిచేయునట్లు చేయుట వేరు. ముసలిదానిని పడుచుగా చూపింపబోవుట వేరు. మొదటిది ధర్మము. రెండవదానిలో ప్రతిసారియు కొంత చరిత్రము అరిగిపోవును. తిత్తి మార్చవచ్చును, పాళీ దిద్దవచ్చును, పగులు అతుకవచ్చును. అవి చేయనిచో కలము కలమే కాదు. వన్నెమాసిన ఎబొనైటు మాత్రము వ్రాతకు అడ్డము రాదు. దానిని అట్లే యుండనిచ్చుట మేలు.

మరియొక మాట. విజయదశమినాడు కలములను పూజలో నుంచు మనము, కలమును బాగుచేయువానిని పుస్తకాల యంగడి మెట్లపై ఎండలో కూర్చుండబెట్టితిమి. అతని విద్యను విద్యయని యెన్నడును అనలేదు. వానిలో నెందరో తమ బిడ్డలకు ఆ పనిని నేర్పక మానిరి. వారిని తప్పుపట్టుటకు మనకు మోము లేదు. వ్రాయుచేయి గొప్పది, దిద్దుచేయి తక్కువది యను భేదభావము ఉన్నంతకాలము, చెడినదానిని పారవైచుటతప్ప మనకు వేరుగతి లేదు. పాఠశాలలలో బాలురకు బాలికలకు ఒక పాతకలమును విప్పి, నాలుకలోని చీలికను చూపి, సిరా ఏల వచ్చునో గాలి ఏల పోవునో చెప్పి, మరల కూర్చుట నేర్పినచో భౌతికశాస్త్రమున ఒక పాఠము పూర్తియగును. గడచిన సంవత్సరము నేనట్లు చేసి చూచితిని. ఇంట మూలబడిన కలములను పదునొకండుగురు తెచ్చిరి. ఏడు మరల వ్రాసినవి. మిగిలిన నాలుగింటి తిత్తులు రాయియై యుండెను. క్రొత్త తిత్తులును, లక్కయు తెప్పించితిమి. వచ్చు సెలవులలో ఆ పని చేయుదుము.